ఎడమ కళ్లం

ఉదయం ఆరుంబావుకు జొన్నాడలో బస్సు దిగాను. 1998 ఫిబ్రవరి. రోడ్డు పక్క టీ కొట్టులో అప్పుడే పాలు పొంగుతున్నాయి. కోయంబత్తూరు నుంచి మద్రాసు, మద్రాసు నుంచి రైల్లో రాజమండ్రి, అక్కడి నుంచి ఈ బస్సు. నా చేతిలో ఒక సంచీ, అందులో రెండు స్టాప్ వాచీలు, టైర్లలో గాలి కొలిచే గేజి, ఒక జత బట్టలు ఉన్నాయి.

అప్పటికి దాదాపు పదేళ్లుగా కోయంబత్తూరులో ఒక రేసింగ్ జట్టులో పనిచేస్తున్నాను. హోదా రేస్ ఇంజనీరు. పేరు పెద్దదే. చిన్న జట్టులో ఆ హోదా కింద టైరు గాలి నిర్ణయించడం దగ్గర్నుంచి డ్రైవరుకు లాడ్జిలో దుప్పటి దొరికిందో లేదో చూడడం దాకా అన్నీ వస్తాయి. అసలు పని మాత్రం ఒకటే. డ్రైవరు చెప్పే మాటను మెకానిక్కు చేయగలిగిన పనిగా మార్చాలి. "మలుపులో వెనక జారిపోతోంది" అని డ్రైవరు అంటే ఏ బోల్టు ఎంత వదులు చేయాలో నేను చెప్పాలి.

ఈసారి వచ్చిన పని వేరు. జూనియర్ కార్టింగ్, అంటే పిల్లలు నడిపే చిన్న రేసు బండ్ల సీజనుకు మా జట్టులో ఒక సీటు ఖాళీ ఉంది. సీటు అంటే బండి, ఇంజను, టైర్లు, మెకానిక్కు అన్నీ జట్టువే, డ్రైవరు వచ్చి నడిపితే చాలు. అది దొరకని పిల్లలు ఎంత వేగంగా నడిపినా ఏడాదికో రెండేళ్లకో ఇంటి ఓపిక అయిపోయి ఆగిపోతారు. హైదరాబాదు శివార్లలో జరిగిన ఒక పోటీలో కోనసీమ నుంచి వచ్చిన పదమూడేళ్ల అమ్మాయి అందరికంటే వేగంగా తిరిగిందని మా యజమాని చెవిన పడింది. నాది కొత్తపేట అని ఆయనకు గుర్తుంది. మీ ఊరి వైపే కదా, వెళ్లి చూసి రమ్మన్నారు. చూడవలసినవి మూడు: చెయ్యి, ఒళ్లు, ఇల్లు. మా వృత్తిలో ఆ వరుసలోనే చూస్తాం.

టీ తాగుతుండగా ఒక లారీ ఎదురుగా వచ్చి ఆగింది. డ్రైవరు కిందికి తొంగిచూశాడు.

"కోయంబత్తూరు ఇంజనీరు గారు మీరేనాండి?"

నేనేనన్నాను.

"ఆయ్. నా పేరు సూరిబాబండి, మిల్లు లారీ. ఇటుక బట్టీకి ఊక దింపేసేను, ఎలాగూ ఖాళీగా వెళ్తున్నాను, ఎక్కించుకు రమ్మన్నారు పెద్దాయన గారు. కొంచెం ఊక అంటుద్దండి. దులుపుకుంటే పోద్ది."

అంటిన ఊక సాయంత్రం దాకా పోలేదు. రావులపాలెం వంతెన దాటుతుండగా, అమ్మాయి బాగా నడుపుతుందా అని అడిగాను.

"నడపడమేంటండి బాబూ! మొన్న నేను గేటు కాడికొచ్చేసరికి నాకంటే ముందొచ్చి కూర్చున్నారు. అంటే నేను జొన్నాడ నుంచొచ్చేననుకోండి, ఆవిడ కళ్లంలోంచొచ్చేరు. అయినా ముందే కదండి."

మిల్లు కొత్తపేటకూ ఐనవిల్లికీ మధ్య, కాలవ గట్టు మీద. ఉప్పుడు బియ్యం మిల్లు. ధాన్యాన్ని ఉడికించి, పెద్ద సిమెంటు కళ్లంలో పరిచి, ఎండకు ఆరబెట్టి, తర్వాత మర పడతారు. గేటు దాటగానే కుడిచేతి పక్కనే గోదాము ఉంది. సూరిబాబు మాత్రం లారీని ఎడమకు తిప్పి, కళ్లం అంచు వెంబడే పూర్తిగా చుట్టి వచ్చి గోదాము ముందు ఆపాడు. ఇదేం దారి అన్నాను. "మా మిల్లులో ఇంతేనండి" అన్నాడు. లారీ తిరగడానికి చోటు చాలక కాబోలు అనుకున్నాను.

మిల్లు యజమాని నాగభూషణం గారికి అప్పుడు అరవై దాటి ఉంటాయి. తెల్ల పంచె, చేతిలో ఎప్పుడూ గుప్పెడు ధాన్యం. మాట్లాడుతూనే ఒక గింజ పంటికింద కొరికి తడి ఎంతుందో చూసేవారు. మనవరాలి పేరు సత్యవేణి, ఇంట్లో వేణి. తల్లిదండ్రులు కూడా ఆ ఇంట్లోనే ఉన్నారు గాని ఈ విషయంలో మాట చెల్లేది పెద్దాయనదే. గల్ఫ్‌లో ఒక కార్టింగ్ ట్రాక్ గ్యారేజీలో పనిచేసే మేనమామ అక్కడ పక్కన పడేసిన బండిని విడగొట్టి, నాలుగేళ్ల కిందట ముక్కలుగా పంపాడట. మిల్లు ఫిట్టరు బిగించాడట. కళ్లంలో ధాన్యం కుప్ప చేసి టార్పాలిను కప్పిన వేళల్లో అమ్మాయి నడిపేది.

ఆరోజు కుప్పలు పక్కకు చేర్చి ఉంచారు. మలుపుల్లో గోనె సంచుల్లో కాయల మీంచి ఒలిచిన కొబ్బరి పీచు డొక్కలు కూరి పేర్చారు. మా ట్రాకుల్లో ఆ చోట పాత టైర్లు పెడతాం. దెబ్బ ఆపడంలో డొక్కలేమీ తీసిపోవు, తర్వాత చూశాను.

వేణి సన్నగా, పొడుగ్గా ఉంది. జడ హెల్మెట్టులో పట్టక చొక్కా లోపలికి తోసుకుంది. నాకు నమస్కారం పెట్టి, "టైర్లలో గాలి ఎంత పెట్టమంటారండీ?" అంది. రోజూ ఎంత పెడతావో అంతే పెట్టమన్నాను. పిల్లలు సాధారణంగా ఆ ప్రశ్న అడగరు.

కార్టు గురించి ఒక మాట చెప్పాలి. దానికి స్ప్రింగులుండవు. వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి కాబట్టి రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి, కాని అలా పోవడానికి వీలుండదు. అందుకని డ్రైవరు స్టీరింగును ఒక పద్ధతిలో తిప్పి, లోపలి వెనక చక్రాన్ని నేల మీంచి వెంట్రుక వాసి లేపాలి. లేపడం ఎక్కువైతే వేగం పోతుంది, తక్కువైతే బండి మొరాయిస్తుంది. ఇది మాటల్లో నేర్పడం కష్టం.

వేణికి అది వచ్చు. ఉడికిన ధాన్యం తేమతో, తవుడుతో నున్నబడిన సిమెంటు మీద చక్రం లేపుతూ, దించుతూ, ఒక చుట్టుకీ మరో చుట్టుకీ వాచీలో తేడా తెలియనంత నిలకడగా తిరిగింది. కుప్పల దగ్గర కూర్చున్న ఆడవాళ్లలో ఒకామె, "అమ్మాయిగారి బండి గాలికి ధాన్యం ఓ పూట ముందే ఆరుద్దండి" అంది. మిగతావాళ్లు నవ్వారు. చెయ్యి చూశాను, బాగుంది. ఇక ఒళ్లు.

"ఇప్పుడు వెనక్కి తిప్పి, ఎడమ చేతి చుట్టు తిరగమ్మా" అన్నాను.

వేణి తాతగారి వైపు చూసింది. ఆడవాళ్ల నవ్వు ఆగిపోయింది.

"అటు తిరక్కూడదండి" అన్నారు నాగభూషణం గారు.

"ఏం, ఇంజనుకేమైనా ఇబ్బందా?"

"ఇంజనుకేం తెలుసండి. మధ్యలో ఆయనున్నారు కదా."

అప్పుడు చూశాను. కళ్లం మధ్యలో మోకాలెత్తు సిమెంటు గూడు. మోటారు స్టార్టరు పెట్టుకునే గూడు కాబోలు అనుకున్నాను పొద్దుట. అందులో వినాయకుడు. మిల్లు కట్టకముందు నుంచే ఆ పొలం గట్టున ఉన్నాడట, ఆయన్ని కదపకుండా చుట్టూ కళ్లం పోశారు. ఆయన చుట్టూ తిరిగేది మనిషైనా, లారీ అయినా ప్రదక్షిణగానే తిరగాలి, అంటే ఆయన ఎప్పుడూ కుడివైపే ఉండాలి. ముప్పై ఏళ్లుగా ఆ మిల్లు నియమం అది. సూరిబాబు లారీ దారి అప్పుడు అర్థమైంది.

దాంతోపాటు ఇంకొకటి కూడా అర్థమైంది. ఈ అమ్మాయి నాలుగేళ్లుగా కుడి మలుపులే తిరిగింది.

మలుపులో బండి ఎటు తిరిగితే తలను దానికి ఎదురువైపు లాగేస్తుంది. కుడి మలుపుల్లో తలను నిలబెట్టేది మెడ కుడి కండరాలు, సీటు అంచు ఒరుసుకుని కాయ కాసేది ఎడమ పక్కటెముకలు. ఎడమ మలుపుల్లో అంతా తారుమారు. మామూలు ట్రాకుల్లో పెరిగిన పిల్లలకు ఎటు తిరిగినా మధ్యలో రెండో రకం మలుపులు కొన్ని ఉంటాయి, కాబట్టి రెండు పక్కలూ కొంతైనా గట్టిపడతాయి. ఈ కళ్లంలో ఒక్క ఎడమ మలుపు కూడా లేదు. హైదరాబాదు ట్రాకు కుడి చేతిది, పోటీ చిన్నది, అందుకని అక్కడ బయటపడలేదు. మా యజమాని మాత్రం ఎంపిక పరీక్ష ప్రతిసారీ ఎడమ దిశలోనే పెట్టేవారు. పిల్లలు ఎక్కువమంది కుడి దిశ ట్రాకుల్లో పెరుగుతారని ఆయనకు తెలుసు. పరీక్ష ఆ నెలాఖరున ఉంది.

ఇదంతా నాగభూషణం గారికి చెప్పాను. ఆయన గింజ కొరకడం ఆపి విన్నారు.

"అంటే మా పిల్ల సగమే నేర్చుకుందంటారు."

"ఆ సగం చాలా బాగా నేర్చుకుందండి."

"సగమే కదండి."

గూడు పక్కకు జరిపితే ఎలా ఉంటుందని అడగబోయి మానుకున్నాను. ఆయన ముఖం చూస్తే అడగదగిన మాటలా లేదు. వేరే చోటు ఉందా అన్నాను. చుట్టూ కొబ్బరి తోటలు, వరి చేలు, కాలవలు. కోనసీమలో చదునైన గట్టినేల దొరకడం ఎంత కష్టమో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

"తాతయ్యా, ఎనిమిది వేస్తే?" అంది వేణి.

"ఎనిమిదేంటే?"

"అమలాపురంలో లైసెన్సుకి వేయిస్తారు కదా, అదీ. ఒక సున్నాలో దేవుడుంటాడు, దాని చుట్టూ కుడివైపు తిరుగుతాను. రెండో సున్నాలో డొక్కల కుప్ప పెడదాం, దాని చుట్టూ ఎడమవైపు. దేవుడి చుట్టూ ప్రదక్షిణే కదా అప్పుడు?"

"బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారి ఎనిమిదండి" అన్నాడు సూరిబాబు, తన మాట కూడా చెల్లుతుందన్న సంతోషంతో. "నన్ను రెండుసార్లు ఫెయిల్ చేసేరండి దాంట్లో. కాళ్లు కింద పెట్టేనని."

"లారీలో కాళ్లు కిందెలా పెట్టేవురా?" అన్నారు పెద్దాయన.

"అది మోటారు సైకిలుకండి. లారీకి ఒకసారే ఫెయిలయ్యేను."

నాగభూషణం గారు నవ్వలేదు. లేచి, చెప్పులు విడిచి, కళ్లంలోకి నడిచారు. గూడు చుట్టూ ఒక సున్నా నడిచి, మధ్యలో దాటి, అవతల ఖాళీ జాగా చుట్టూ ఇంకో సున్నా నడిచి, మొదలుపెట్టిన చోటికి వచ్చి నిలబడ్డారు. ఒక ఆడమనిషి సున్నం డబ్బాతో ఆయన వెనకే గీత వేసుకుంటూ వచ్చింది.

"ఇది ఆయన సున్నా. అది నీ సున్నా" అన్నారు మనవరాలితో. "నీ సున్నాలో ఏం చేసుకుంటావో నీ ఇష్టం. ఆయన సున్నాలో తేడా రాకూడదు."

రెండురోజులు ఉండి అలవాటు చేయించాను. మొదటి పూట ఎడమ సున్నాలో డొక్కల కుప్పను నాలుగైదుసార్లు గుద్దింది. మెడకు వ్యాయామం కూడా చెప్పాను. హెల్మెట్టుకు సైకిలు ట్యూబు కట్టి, దాని రెండో కొస స్తంభానికి కట్టి, తల పక్కకు పోకుండా నిలబెట్టి ఉంచాలి. రేసింగులో ఉన్నవాళ్లందరూ ఏదో రూపంలో చేసేదే. మిల్లులో స్తంభాలకు కొదవలేదు.

నెలాఖరున తాతా మనవరాలూ కోయంబత్తూరు వచ్చారు. నాగభూషణం గారు ఒక బస్తా కొబ్బరికాయలు తెచ్చారు.

"కోయంబత్తూరుకి కొబ్బరికాయలేంటండీ, ఇక్కడంతా అవే కదా" అన్నాను.

"ఇవి మనయి కదండి."

పరీక్షకు ముగ్గురు పిల్లలు. మిగతా ఇద్దరూ అబ్బాయిలు, పెద్ద ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. అందరికీ ఒకటే బండి, ఒకే రకం కొత్త టైర్లు. బరువు తక్కువ ఉన్నవాళ్లకు సీటుకు సీసం దిమ్మలు బిగించి సమానం చేస్తాం. ఒక్కొక్కరూ మూడు విడతలు నడపాలి, మూడోది బాగా పొడుగు. ట్రాకును భాగాలుగా విడదీసి ఏ భాగం ఎంతసేపట్లో దాటారో విడివిడిగా రాసుకుంటాం. మొత్తం చుట్టు సమయం కంటే మాకు అదే ముఖ్యం.

మొదటి రెండు విడతల్లో వేణి ఇద్దరికీ సమానంగా ఉంది. మూడోదాని సగంలో హెల్మెట్టు కుడివైపు ఒరగడం మొదలైంది. ట్రాకు పక్క గోడ దగ్గర నిలబడ్డ మా అందరికీ కనిపిస్తోంది. తల ఒరిగితే చూపు మారుతుంది, చూపు మారితే చెయ్యి మారుతుంది. సమయం చుట్టు చుట్టుకీ పడిపోతూ వచ్చింది. నాగభూషణం గారు నా పక్కనే ఉన్నారు. పంచె కొంగు పట్టుకుని నిలబడ్డారు.

బండి దిగాక హెల్మెట్టు తనంతట తీసుకోలేకపోయింది. నేను తీశాను.

"తల తిరుగుతోందేమ్మా?" అన్నారు తాతగారు.

"తిరగట్లేదు తాతయ్యా. నిలబడట్లేదు." నవ్వబోయింది గాని మెడ నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "సీటు పోయింది కదండీ?" అంది నాతో.

తెలియదన్నాను. అప్పటికి నాకు నిజంగానే తెలియదు.

యజమాని కాగితాలు ముందు పెట్టుకుని నన్ను పిలిచారు. మొత్తం సమయంలో ఈ అమ్మాయి మూడోది, మెడ లేదు, నువ్వేమంటావని అడిగారు. నేను ఒక భాగం చూపించాను. ట్రాకులో ఒకచోట ఎడమ, కుడి, మళ్లీ ఎడమ, వెంటవెంటనే మూడు మలుపులు వస్తాయి. ఒక పక్క నుంచి రెండో పక్కకు బరువు మార్చేటప్పుడు చక్రం దించి ఇంకో చక్రం లేపాలి. ఆ భాగంలో ముగ్గురిలోనూ వేణే వేగం. మెడ పోయిన తర్వాత కూడా వేణే వేగం. ఆ మూడు వారాలు ఎనిమిది వేయగా వేయగా వచ్చింది అది. మెడను మనం తయారు చేయగలం, ఇది మాత్రం నేను నేర్పలేను అన్నాను. ఆయన కాసేపు చూసి, సీజను మొదలయ్యే జూను దాకా మెడకు గడువు ఇస్తున్నానని, అప్పుడు మళ్లీ ఎడమ దిశలోనే నడిపిస్తానని, నిలబడకపోతే సీటు పరీక్షలో మొదట వచ్చిన అబ్బాయిదని చెప్పారు.

ఆ మాట బయటికి వచ్చి చెప్పాను. వేణి తలూపలేక చేత్తో సరేనంది. నాగభూషణం గారు మాత్రం వేరేది అడిగారు.

"ఎనిమిదితో సరిపోదంటారు."

"సరిపోదండి. పూర్తిగా ఎడమ చుట్టు తిరగాలి. చాలాసేపు, ఆగకుండా."

"ఆయ్" అన్నారు. అంతే.

ఏప్రిల్‌లో మళ్లీ వెళ్లాను. మిల్లు వెనక రెండు వరుసల కొబ్బరి చెట్లు లేవు. ఆ చోట కొత్త సిమెంటు కళ్లం. మొదటి కళ్లమంత పెద్దది. మధ్యలో ఏమీ లేదు. రెండో పంట దాళ్వా ధాన్యం రాకముందే పని ముగించాలని సూరిబాబు చేత రాత్రీ పగలూ ఇసుక తోలించారట.

"నియమం నియమమేనండి" అన్నారు నాగభూషణం గారు. "అక్కడ ఆయనున్నారు. ఇక్కడెవరూ లేరు. తిరగమన్నాను."

వేణి అందులో ఎడమ చుట్టు తిరుగుతోంది. తల నిటారుగా ఉంది. మిల్లులో అప్పటికే దాన్ని ఎడమ కళ్లం అంటున్నారు. ధాన్యం దానిలోనూ ఆరబెట్టేవారు. "ఎడమ కళ్లంలో ధాన్యం తిరగెయ్యండి" అని కేకలు వినిపించేవి.

జూనులో మెడ నిలబడింది. సీటు వేణికే వచ్చింది.

తర్వాతి సంగతి క్లుప్తంగా చెబుతాను, రేసింగు పేజీలు చదివేవాళ్లకు తెలిసినదే. జూనియర్ కార్టుల్లో రెండు సీజన్లు, సీనియర్‌లో రెండు. ఆ తర్వాత మద్రాసు దగ్గర ట్రాక్ మీద ఫార్ములా కార్లు, అంటే ఒక్కరే కూర్చునే, చక్రాలు బయటికి కనిపించే రేసు కార్లు. ఇరవై దాటాక ఆసియా దేశాల్లో తిరిగే సిరీస్‌లో పూర్తి సీజన్లు నడిపింది. మన దేశం నుంచి ఆ స్థాయికి వెళ్లినవాళ్లు అప్పుడు కొద్దిమందే. మొదటి ఏడాది నేనూ వెంట ఉన్నాను.

అందులో ఒక పోటీ ఎడమ దిశ ట్రాకు మీద. విపరీతమైన ఉక్క. ఫార్ములా కార్లలో మెడ మీద పడే బరువు కార్టులకంటే చాలా ఎక్కువ. అలాంటి ట్రాకులకు కొందరు డ్రైవర్లు హెల్మెట్టు ఒరగకుండా భుజానికి పట్టీ కట్టుకుంటారు. ముందురోజు వేణి మిల్లుకు ఫోను చేసింది. నేను పక్కనే ఉన్నాను.

"తాతయ్యా, రేపటిది అప్రదక్షిణం."

"మధ్యలో గుడేమైనా ఉందా?"

"పెట్రోలు బంకుంది."

"అయితే పర్వాలేదు. తిరుగు."

మర్నాడు చివరి చుట్లలో ముందున్న ఇద్దరి తలలూ కుడివైపు ఒరిగాయి. వేణి ఒకరి తర్వాత ఒకర్ని దాటింది. పట్టీ కట్టుకోలేదు.

ఆ పనిలో నేను నేర్చుకున్నది ఇది. డ్రైవరు ఏం చేయగలడో చూడడం తేలిక, వాచీ చెబుతుంది. ఏం చేయవలసిన అవసరం ఎప్పుడూ రాలేదో అడిగి తెలుసుకోవాలి. ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఏ పిల్లల్ని చూడడానికి వెళ్లినా, బండి కంటే ముందు వాళ్లు నేర్చుకున్న చోటు చూశాను. ఎటు తిరిగి నేర్చుకున్నారని అడిగాను. ఇంకొకటి కూడా ఉంది. నియమం అడ్డొచ్చినప్పుడు దాన్ని తీసెయ్యడం ఒక్కటే దారి కాదు. కొందరు పక్కన ఇంకో కళ్లం పోస్తారు. అలాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్లలు పోటీల్లో చాలాకాలం నిలబడతారు. ఇల్లు కూడా చూడాలని మావాళ్లు అనేది అందుకే.

నాగభూషణం గారు పోయిన మాఘంలో కాలం చేశారు. పెద్ద కర్మకు వెళ్లాను. వేణి వచ్చింది. ఇప్పుడు పిల్లలకు నేర్పుతోంది. మెడ చుట్టుకొలత కొంచెం ఎక్కువైందని చీర కట్టుకున్నప్పుడల్లా బంధువులు అంటారని చెప్పి నవ్వింది. భోజనాలు ఎడమ కళ్లంలో పెట్టారు. మిల్లులో డ్రయ్యరు పెట్టి చాలా ఏళ్లయింది, ధాన్యం ఇనుప గొట్టాల్లో ఆరుతుంది. గూడులో దీపం ఉంది. నేను బయల్దేరే వేళకు ఒక ధాన్యం లారీ వచ్చింది. డ్రైవరు కొత్తవాడు, ఎడమకు తిప్పలేదు.

లారీలు ఇప్పుడు గేటు దాటి నేరుగా కుడికి, గోదాముకే వెళ్తాయి. కళ్లం చుట్టూ తిరగవు, ఆ నియమం పెద్దాయనతోనే పోయింది.